టీవీ జంపఖానా

కొత్తవాడ, వరంగల్
4 ఆగస్టు 2025

తమ్ముడు ఉబేద్‌కు,

అక్క గుల్నాజ్ దువా. నా మోకాళ్ళు తప్ప ఇక్కడ అందరం బాగున్నాం. నీతో ఫోన్లో మాట్లాడటం ఇక నా వల్ల కాదు. నేను అన్నం సంగతి అడిగితే నువ్వు వాన సంగతి చెప్తావు. భివండిలో ఇరవై ఎనిమిదేళ్ళు పవర్‌లూముల నడుమ నిలబడ్డ చెవులు, వాటినేం అంటాం! మెసేజ్ పెడదామంటే నీ కొడుకు అర్షద్ చదివి నీకు చెప్పాలి. నా తిట్లలో సగం వాడే మింగేస్తాడు. అందుకే పోస్టాఫీసుకు పోయి పది కవర్లు కొనుక్కొచ్చాను. మట్టెవాడ బడిలో నేర్చుకున్న తెలుగు ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది.

అసలు సంగతి విను. మన రుహీ నేసిన జంపఖానాను హైదరాబాద్ చేనేత ప్రదర్శనకు తీసుకున్నారు! జిల్లా మొత్తంలో నాలుగే తీసుకున్నారట. కబురు విన్న రోజు నా బిడ్డ మగ్గం దగ్గర కూర్చొని ఏడ్చింది. నేను బయటికి పోయి గల్లీ అంతా చెప్పొచ్చి, తర్వాత ఏడ్చాను.

ఏది నేసిందో తెలుసా? మన టీవీ జంపఖానా. పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ, అంతటా నలుపు తెలుపు పోగుల చుక్కలు. మన టీవీ ముందు బిగించిన రంగుల ప్లాస్టిక్ అద్దం గుర్తుందా? టీవీ ఏమో నలుపు తెలుపుది, అద్దం ఏమో మూడు రంగులది. తెర మీదికి ఎవరొచ్చినా తల నీలం, కడుపు నారింజ, కాళ్ళు పచ్చ. వార్తలు చదివే ఆమె కూడా అంతే. కలర్ టీవీ అంటే అదేనని మన గల్లీ అంతా నమ్మింది. నా క్లాసు పిల్ల శోభారాణి వాళ్ళింట్లో నిజం కలర్ టీవీ చూసి, "మీ టీవీ ఖరాబైంది, అందరి మొఖాలు ఒక్క తీరుగనే ఉన్నయ్" అని చెప్పి వచ్చాను నేను. ఆ పిల్ల వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ రోజుల్లో కొత్తవాడ మొత్తంలో టీవీ ఉన్న ఇళ్ళు మూడు. మిగిలిన రెండిళ్ళవాళ్ళు కిటికీలు మూసుకొని చూసుకునేవాళ్ళు. మన అబ్బాజాన్ మాత్రం టీవీని గడపలో పెట్టి దాని మొహం గల్లీ వైపు తిప్పాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది. అరుగు నిండిపోయి, గల్లీ నిండిపోయి, ఎదురుగా ఉప్పలయ్య పెదనాన్న ఇంటి అరుగు కూడా నిండేది. వేరుశనగకు ఏ మందు కొట్టాలో చెప్తుంటే నేతకారులంతా నోరు తెరుచుకొని వినేవాళ్ళు.

ప్రదర్శనవాళ్ళు ఒక ఫారం ఇచ్చారు. ఈ నమూనా మొట్టమొదట ఎవరు నేశారు, ఎట్లా పుట్టింది అని రాసి, ఇంటివాళ్ళు ఇద్దరు సంతకం చేయాలి. అబ్బాజాన్ పేరు కరీముద్దీన్ అని పెన్సిల్‌తో రాశాను. ఫారం ఈ కవర్లోనే పెట్టాను, నువ్వు సంతకం పెట్టి పంపు. సెప్టెంబరు పదిహేనులోపు ఇక్కడి చేనేత సొసైటీలో ఇవ్వాలి. ఫారం లేకపోతే రుహీ జంపఖానా పోదు.

నీ అక్క,
గుల్నాజ్

*

పద్మానగర్, భివండి
13 ఆగస్టు 2025

గుల్నాజక్కకు సలాం.

నీ ఉత్తరం అందింది. అర్షద్ చేతికి ఇవ్వకుండా నేనే చదువుకున్నాను. రుహీ కబురు చదివి నా లూము ఆపేసి కార్ఖానా అంతా మిఠాయి పంచాను. "నా మేనకోడలు, చేతి మగ్గం మీద నేసింది" అని అందరికీ చెప్పాను. చేతి మగ్గం అంటే ఇక్కడి పిల్లలకు తెలియదు. చేతులు ఊపి చూపించాల్సి వచ్చింది. రుహీ ఫోటో, జంపఖానాతో కలిపి తీసింది, ఒకటి పంపు. గోడకు పెట్టుకుంటాను.

ఫారం సంగతి. అక్కా, ఆ పేరు గడి ఖాళీగా వదిలేయరాదూ? లేకపోతే కొత్తవాడ నేతకారులు అని రాయి. అదీ అబద్ధం కాదు. అబ్బాజాన్ పేరు కింద నేను సంతకం పెట్టలేను. ఎందుకని అడగొద్దు.

మోకాళ్ళకు ఆవనూనె రాస్తున్నావా? దవాఖానకు పోవడానికి బద్ధకం చేయకు.

తమ్ముడు,
ఉబేద్

*

కొత్తవాడ
20 ఆగస్టు 2025

ఉబేద్‌కు,

ఆవనూనె నీ నెత్తికి రాసుకో. జర చల్లబడుతుంది.

ఎందుకని అడగొద్దా? కన్న తండ్రి పేరు కింద సంతకం పెట్టనంటావు, పైగా నన్ను అడగొద్దంటావు! నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మూడోసారి చదివే ఓపిక లేక రుహీ చేతికిచ్చాను. ఆ పిల్ల మొహం వాడిపోయింది. "మామకు నేను నేసింది నచ్చలేదా అమ్మీ?" అని అడిగింది. ఏం చెప్పాలి నేను?

నాకు అర్థమైందిలే. నువ్వు భివండి పోయినప్పుడు అబ్బాజాన్ మగ్గం నాకిచ్చాడు. ఆ కోపం ఇన్నేళ్ళు కడుపులో దాచుకున్నావు. ఇప్పుడు మగ్గం వల్ల నా బిడ్డకు పేరొస్తుంటే ఓర్వలేకపోతున్నావు. లేక ఆ కాగితంలో అర్షద్ పేరు కూడా ఎక్కాలా? అడుగు, సిగ్గుపడకు. వాడికి మగ్గం ఎక్కడ తొక్కుతారో తెలియదు గానీ పేరైతే రాసేద్దాం.

ఆ టీవీ కోసం నేను ఎంత చేశానో మరిచిపోయావా? నువ్వు ఇంట్లో కూర్చునేవాడివి. పెంకుల మీదికి ఎక్కింది నేను. నువ్వెక్కితే పెంకులు పగులుతాయని అమ్మీ నన్నే పంపేది. నేను యాంటెనా తిప్పడం, "వచ్చిందా?" అని అరవడం, కింద ఎదురింటి పూలమ్మ పెద్దమ్మ "రాలే బిడ్డా, ఇంకింత తిప్పు" అనడం. బొమ్మ నిలబడేసరికి నాకు మెడ నిలబడేది కాదు. అబ్బాజాన్ పచ్చకామెర్లతో కేసముద్రం పోయిన ఆ నలభై రోజులైతే నేను పెంకుల మీదే బతికాను. పసరు మందుకు మేనత్త ఇంట్లో ఉండి, వచ్చీ రాగానే ఆ ఒంటితో కూర్చొని ఆ జంపఖానా నేసిన మనిషి ఆయన. ఆయన పేరు రాయడానికి నీకు చెయ్యి రావడం లేదు.

సంతకం పెట్టకపోతే పెట్టకు. నీ సంతకం లేక నా బిడ్డ జంపఖానా ఇంట్లో పడి ఉంటే, ఆ ఉసురు నీకే తగులుతుంది.

గుల్నాజ్

*

పద్మానగర్, భివండి
28 ఆగస్టు 2025

అక్కా,

నీ తిట్లన్నీ చేరాయి. ఒక్కటీ దారిలో పడిపోలేదు.

అర్షద్ పేరు తీశావు చూడు, అదొక్కటే నొచ్చింది. వాడికి ఈ సంగతి ఏమీ తెలియదు. నాకు మగ్గం మీద కోపం లేదు. నీ చేతికి రాకపోతే అది ఎప్పుడో పొయ్యిలోకి పోయేది, నాకు తెలుసు. రుహీకి చెప్పు, మామకు ఆ జంపఖానా అంటే ప్రాణం అని.

చెప్పొద్దని అమ్మీ నాతో ఒట్టు వేయించుకుంది. ఆమె పోయి పదకొండేళ్ళు. ఒట్టు ఇంకా ఉందో పోయిందో మౌల్వీ సాబును అడిగాను. "నిజం చెప్పటందుకు అయితే ఏం ఫికర్ లేదు" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

ఆ జంపఖానా నేసింది అబ్బాజాన్ కాదు. అమ్మీ.

కాస్త కూర్చొని చదువు. అబ్బాజాన్ కేసముద్రం పోయే ముందే పెళ్ళివారి జంపఖానాకు సావుకారు దగ్గర నూలు తెచ్చి పెట్టుకున్నాడు. గడువు దాటితే సావుకారు నూలు వెనక్కి తీసుకొని మళ్ళీ మన గడప తొక్కడు. ఆడది నేసిందంటే అసలు ముట్టడు. చెయ్యి వదులుగా పడుతుందని ఆయన వాదం. మన ఆడవాళ్ళు నూలు తోడాలి, కండెలు చుట్టాలి, రంగులద్దాలి, మగ్గం మీద మాత్రం కూర్చోకూడదు. నీకు తెలియనిదేముంది, నువ్వు కూర్చున్నప్పుడు ఎన్ని మాటలు పడ్డావు!

మగాడు ఊళ్ళో లేని ఇంట్లోంచి పోగులు దిగ్గొట్టే పంజా చప్పుడు వస్తే గల్లీకి తెలిసిపోదా? సావుకారు గుమస్తా రోజూ సాయంత్రం మన గల్లీలోంచే ఇంటికి పోయేవాడు. అందుకని అమ్మీ ఒక ఉపాయం చేసింది. ఆరు కాగానే టీవీ పెట్టేది, సౌండు మొత్తం పెంచేది, "రండ్రి, అందరు రండ్రి" అని గల్లీని పిలిచేది. గడప నిండా జనం. వెనక గదిలో మగ్గం. ఒక కొసకు ఆమె, ఇంకో కొసకు నేను, ఎనిమిదేళ్ళవాడిని. నూలు దోపడం, పంజాతో దిగ్గొట్టడం. నమూనా అంటే ఏమిటో ఆమెకు ఎవరూ నేర్పలేదు. తలుపు సందులోంచి టీవీ వెలుగు కనిపించేది. "గట్లనే ఏద్దాం బిడ్డా, మీద నీలం, నడుమ నారింజ" అంది.

అబ్బాజాన్ తిరిగొచ్చిన నాలుగో రోజుకు జంపఖానా సావుకారు ఇంటికి పోయింది. పన్నెండడుగుల జంపఖానా నాలుగు రోజుల్లో ఎవరు నేస్తారు? నువ్వు నేతగత్తెవు, నువ్వే చెప్పు.

ఉబేద్

*

కొత్తవాడ
3 సెప్టెంబరు 2025

ఉబేద్‌కు,

రెండు రోజులు నీ ఉత్తరం దిండు కింద పెట్టుకొని పడుకున్నాను. అన్నం సయించలేదు.

నాలుగు రోజుల లెక్క నేనెప్పుడూ వేయలేదు. వేసి చూశాను. నేనూ, రుహీ కలిసి కూర్చున్నా పదిహేను రోజులు పడుతుంది. నీ మాట నిజమే కావచ్చు. కానీ నిజమైతే నాకు ఏం మిగిలిందో చూడు.

మన ఇల్లు గల్లీకి టీవీ చూపించిన ఇల్లు అని యాభై ఏళ్ళు వచ్చేదాకా చెప్పుకు తిరిగాను. పెళ్ళిచూపుల్లో కూడా చెప్పాను! ఇప్పుడేమో అదంతా చప్పుడు దాచే ఎత్తని అంటున్నావు. కరీముద్దీన్ టీవీ జంపఖానా అని జనం మెచ్చుకుంటుంటే అబ్బాజాన్ నోరు మూసుకొని ఆ పేరు తీసుకున్నాడన్నమాట. ఆయనను నేను అట్లా ఎట్లా అనుకునేది?

ఇంకోటి. బొమ్మ చక్కగా ఉన్నప్పుడు కూడా అమ్మీ నన్ను పెంకుల మీదికి పంపేది. "జర చూడు బిడ్డా, గీతలు వత్తానయ్" అనేది. నేను దిగి వచ్చేసరికి మళ్ళీ పంపేది. ఇప్పుడు తెలిసింది. నేను వెనక గదిలోకి రాకూడదని. ఎనిమిదేళ్ళ నిన్ను నమ్మింది, పదకొండేళ్ళ నన్ను నమ్మలేదు. పెద్దబిడ్డను నేను! ఆమెను ఆఖరి మూడేళ్ళు ఎత్తి దించింది నేను. అప్పుడన్నా ఒక్క మాట చెప్పలేకపోయిందా?

రుహీకి చెప్పాను. అది నాలా ఏడవలేదు. లేచి మగ్గం దగ్గరికి పోయి, చేత్తో తడుముతూ, "అమ్మమ్మ ఏ పక్క కూర్చుంది?" అని అడిగింది. "నాకు తెల్వది, మీ మామనడుగు" అన్నాను.

గుల్నాజ్

*

పద్మానగర్, భివండి
8 సెప్టెంబరు 2025

అక్కా,

ఎడమ పక్క కూర్చుంది. తలుపు అటు ఉండేది.

అమ్మీ నిన్ను నమ్మకపోవడం కాదు. నీ నోట్లో నువ్వుగింజ నానదు, అది నువ్వూ ఒప్పుకుంటావు. శోభారాణికి చెప్పేదానివి, శోభారాణి వాళ్ళమ్మకు చెప్పేది, సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యేలోపు సావుకారు ఇంట్లో ఉండేది మాట. అమ్మీ ఆ మాటే అంది. కానీ తర్వాత ఇంకో మాట కూడా అంది. "అది మీద నిలవడి తిప్పుతాంటెనే జనం కూసుంటాన్రు, జనం కూసుంటెనే మనం నేత్తానం" అంది. ముగ్గురం నేశాం అక్కా ఆ జంపఖానా. ఇద్దరం కింద, నువ్వు పైన.

అబ్బాజాన్ సంగతి. కేసముద్రం నుంచి వచ్చి మగ్గం చూశాడు. తర్వాత చెప్పులు వేసుకొని, "సావుకారుకు చెప్పొస్త, నా భార్య నేసిందని" అని లేచాడు. అమ్మీ గడపకు అడ్డం నిలబడింది. "చెప్పి ఏం జేత్తవ్? ఇది వాపస్ ఇస్తడు, రేపటి నూలు ఇయ్యడు. కూసో" అంది. ఆయన కూర్చున్నాడు. ఇంట్లో ఎవరి మాట నెగ్గేదో నీకు తెలియదా?

నువ్వు ఒకటి గమనించావా? ఆ తర్వాత అందరూ అడిగారు, సావుకారు కూడా అడిగాడు, ఆయన మాత్రం ఆ నమూనా మళ్ళీ ఒక్కసారి కూడా నేయలేదు. నడుము నొప్పి అనేవాడు, రంగు దొరకలేదు అనేవాడు. నువ్వు నేర్చుకున్నది కూడా అమ్మీ పక్కన నిలబడి చెప్తేనే కదా?

ఫారం మీద సంతకం పెట్టి ఇందులో పెట్టాను. పెన్సిల్ రాతను ముట్టలేదు. నువ్వు ఏ పేరు ఉంచినా నా సంతకం అదే. నీ మీద భరోసా ఉంది. గడువు దగ్గరపడింది కాబట్టి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

ఉబేద్

*

కొత్తవాడ
14 సెప్టెంబరు 2025

నా తమ్ముడు ఉబేద్‌కు,

వెయ్యేళ్ళు బతుకు. ముందు నిన్ను తిట్టినందుకు మాఫీ. అర్షద్ మీద అన్న మాట నేనే మింగుతున్నాను. వాడికి రంజాన్‌కు రుహీ నేసిన జానమాజ్ పంపిస్తాను, నమాజు చేసేటప్పుడైనా మగ్గాన్ని తలుచుకుంటాడు.

నీ ఉత్తరం వచ్చాక నేను పూలమ్మ పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఎనభై దాటింది, చూపు తగ్గింది గానీ చెవులు మాత్రం పాము చెవులు. ఉప్పలయ్య పెదనాన్న పోయాక కొడుకు దగ్గర వెనక గల్లీలో ఉంటోంది. పక్కన కూర్చొని, అటు తిప్పి ఇటు తిప్పి, "పెద్దమ్మా, మా టీవీ జంపఖానా ఎవరు నేసిన్రో నీకెర్కేనా?" అని అడిగాను.

ఆమె నవ్విన నవ్వు నీకు వినిపించాల్సింది!

"ఓసి పిచ్చిదానా! ఇది అడుగుటానికి ముసలిదానివయ్యేదాక ఆగినవా? మీ అమ్మ షహజాదీ నేసింది. గల్లీ మొత్తానికి ఎర్కే."

ఎట్లా తెలుసని అడిగాను.

"మేం నేతోళ్ళం గాదా? పంజా చప్పుడు ఇంటె ఎవరి చెయ్యో చెప్తం. కరీముద్దీన్ కేసముద్రంల ఉండె. ఇంట్ల పంజా పడ్తాంది. మొదటి దినమే మా ఆయన అన్నడు, 'షహజాదీ కూసున్నదే, చెయ్యి మంచిగనే పడ్తాంది' అని. ఇగ అరుగు మీద ఎవ్వరం ఏం అనలే. గుమస్తా గల్లీ మలుపు తిరిగిండంటె మా ఆయన 'ఏమి ఇనవడ్తలేదు, సౌండు పెంచున్రి' అని మొత్తుకునేటోడు. పిల్లగాండ్లు లొల్లి జేసేటోళ్ళు. కరెంటు పోతే మా పానాలు పోయేటియి. టీవీ సప్పుడు బందైతది, పంజా సప్పుడు బయటపడ్తది. అప్పుడు నేను, పక్కింటి యాకమ్మ లేసి చప్పట్లు కొట్టుకుంట బతుకమ్మ పాటలు ఎత్తుకునేటోళ్ళం. పండుగ లేదు, పువ్వు లేదు. గుమస్తా 'మీకేమన్న పిచ్చి లేసిందా' అనుకుంట పోయేటోడు."

ఉబేద్, ఆ పాటలు నేను విన్నాను. పెంకుల మీద యాంటెనా పట్టుకొని కూర్చొని విన్నాను. కరెంటు వచ్చేదాకా పొద్దు పోవడానికి పాడుతున్నారనుకున్నాను.

"మరి టీవీ చూడనీకి రాలేదా మీరు?" అని అడిగాను.

"మొదటి నాలుగు దినాలు చూసినం. ఆ నీలం నెత్తులు, పచ్చ కాళ్ళు ఎంతసేపు చూస్తం బిడ్డా? అటెన్క మీ అమ్మ కోసం వచ్చినం. ఆమె మమ్ముల పిలిచి సల్లగ దాసుకున్ననని అనుకున్నది, పాపం. మేం గూడ చెప్పలే. చెప్తే షరం పడ్తదని."

అమ్మీ గల్లీకి తెలియదనుకొని పోయింది. గల్లీ నలభై ఏళ్ళు ఆ గుట్టు కడుపులో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ మనం గల్లీకి టీవీ చూపించామని గొప్పలు పోయాను. వాళ్ళు నలభై రోజులు, పని చేసి అలిసిన ఒంటితో, మన గడప ముందు కాపలా కూర్చున్నారు. నా ఛాతీ ఇప్పుడు ఇంకా ఎక్కువ ఉబ్బుతోంది, ఏం చేయను! అట్లాంటి గల్లీలో పుట్టినందుకు.

ఇంటికి వచ్చి రుహీని పిలిచి రబ్బరు తెమ్మన్నాను. పెన్సిల్ రాత నేనే చెరిపాను. ఆ గడిలో పెన్నుతో షహజాదీ అని రాశాను. కింద భర్త పేరు గడి ఉంది. అక్కడ కరీముద్దీన్ అని రాశాను. అబ్బాజాన్‌ను ఆ రోజు అమ్మీ గడప దాటనివ్వలేదు గానీ, ఆయన చెప్పాలనుకున్న మాట ఈ రోజు నేను చెప్పాను. ఆయన సంతోషిస్తాడు.

ఇవాళ పొద్దున సొసైటీకి పోయి ఇచ్చాను. సొసైటీకి ఇప్పుడు మన రాజమౌళే అధ్యక్షుడు. అరుగు మీద అందరికంటే ముందు కూర్చొని టీవీకి అడ్డం పడేవాడు చూడు, వాడే. ఫారం చూసి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "మా నాయిన పోయే ముందు చెప్పిండక్కా. మీ ఇంటోళ్ళు ఎప్పుడు చెప్తరా అని చూస్తాన" అన్నాడు. వాడే కంప్యూటర్ ముందు కూర్చొని ఎక్కించాడు. పేరు, ఊరు, సంవత్సరం అన్నీ అయ్యాయి. వృత్తి అనే గడి దగ్గర ఆగాడు. అమ్మీ పాత రేషన్ కార్డు జిరాక్స్ చేతిలో ఉంది. "కార్డుల ఇంటిపని అని ఉన్నదక్కా, అదే కొట్టాల్నా?" అని అడిగాడు.

రుహీ నా వైపు చూసింది. నేను రాజమౌళి వైపు చూశాను. "నేతకారి అని కొట్టు" అన్నాను. కొట్టాడు. తెర మా వైపు తిప్పి చూపించాడు.

ప్రదర్శనకు నువ్వు రావాలి. చెవులు వినపడకపోయినా పర్వాలేదు, అమ్మీ పేరు కళ్ళతో చదువుకోవచ్చు.

నేతకారి షహజాదీ పెద్దబిడ్డ,
గుల్నాజ్